సుల్కాటా తాబేలు పిల్లకు ఏం పెట్టాలి?

ఇది ఆఫ్రికాకు చెందిన నేల తాబేలు సుల్కాటా గురించే. నక్షత్ర తాబేలును భారత్‌లో ఇంట్లో పెంచడం నేరం.

తిండిలో ముప్పాతికకు పైగా గడ్డే ఉండాలి. లేత గరికను అర సెంటీమీటరు ముక్కలుగా తరిగి, తడిపి, రోజూ పొద్దున దాని డిప్పంత కుప్ప పెట్టండి. ముదురు గడ్డి పిల్లకు కొరుకుడు పడదు. మిగతాది మల్బరీ, మందార ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు. బజార్లో కొన్న పూలు వద్దు, మందు కొట్టి ఉండొచ్చు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. పండ్లు పెడితే విరేచనాలు పట్టుకుంటాయి.

ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి వారానికి 2–3 సార్లు చిటికెడు చల్లండి. ఎండ గానీ, ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ దీపం గానీ లేకపోతే అది ఒంటబట్టదు, డిప్ప మెత్తబడుతుంది. డిప్ప మీద బొడిపెలు లేస్తే తిండినే తప్పుపట్టకండి, చాలాసార్లు అసలు కారణం పొడిగాలి. రోజూ గోరువెచ్చని నీళ్లలో, తల మునగని లోతులో, 15–20 నిమిషాలు ఉంచండి.