సోఫా కింద కొర్రమీను

మా ఊరి చెరువు తూము దగ్గర దొరికిన జానెడు కొర్రమీనును తెచ్చి మూడడుగుల ట్యాంకులో వేశాను. రెండో రోజు తెల్లారి చూస్తే సోఫా కింద ఉంది, ఒళ్లంతా దుమ్ము. ఇంకా బతికే ఉంది! మొప్పలే కాక తలలో గాలి పీల్చే గదులు కూడా ఉన్న చేప కదా, ఒళ్లు తడిగా ఉన్నంతసేపు ఒడ్డున కూడా తట్టుకుంటుంది.

మళ్లీ గెంతుతుందని భయపడి, నీళ్లు అంచుదాకా నింపి గాజు పలక మూశాను. తప్పంతా అక్కడే చేశాను. పైకొచ్చి గుక్క తీసుకునే చోటు లేక మూతితో పలకను పొడవసాగింది. గాలి అందకపోతే కొర్రమీను నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. వెంటనే జానెడు లోతు నీళ్లు తోడేశాను. పలక తీసేసి, చెక్క ఫ్రేముకు ఇనుప జాలీ కొట్టి, పైన రెండు ఇటుకలు పెట్టాను. కాస్త గుర్రపుడెక్క వేస్తే నీడ దొరికి గెంతడం కూడా తగ్గింది.

తిండి ఇంకో టెన్షన్. గుళికలు ముట్టలేదు. రొయ్య ముక్కను పుల్లకు గుచ్చి ఆడిస్తే నాలుగో రోజు లటుక్కున లాక్కుంది. ఇప్పుడు నన్ను చూస్తే చాలు, అద్దం దగ్గరికొస్తుంది. తోడుగా వేసిన రెండు చిన్న గప్పీ చేపల సంగతి మాత్రం అడక్కండి.