వెనుక ఎర్ర, నీలం లైట్లు వెలిగితే: డాలస్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ల కోసం

నేను డాలస్ వచ్చిన రెండో నెలలో ఒక రాత్రి, పదిన్నర దాటాక, నా కారు వెనుక పోలీసు కారు ఎర్ర, నీలం లైట్లు వెలిగాయి. పక్కకి తీసి ఆపాను. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత హైదరాబాద్‌లో పదేళ్లు బండి నడిపిన అలవాటు కొద్దీ డోరు తీసుకుని దిగి, వెనక జేబులోంచి లైసెన్స్ తీస్తూ పోలీసాయన వైపు నడిచాను. నా దృష్టిలో అది మర్యాద. సారు నడిచి రావాలా, మనమే వెళ్లాలి కదా! మైకులో ఒక్క అరుపు వినిపించింది, వెంటనే కార్లోకి వెళ్లి కూర్చోమని. ఆయన కుడి చెయ్యి తుపాకీ మీద ఉందని అప్పుడు చూశాను.

ఆయన తప్పేమీ లేదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండిన చాలామంది పర్మిట్ లేకుండానే తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. ఆపిన ప్రతి కారులోనూ ఒకటి ఉండొచ్చనే లెక్కతోనే పోలీసు దగ్గరకు వస్తాడు. చీకట్లో జేబులో చెయ్యి పెట్టి తన మీదకు నడిచివచ్చే మనిషి అతనికి వినయంగా కనిపించడు.

కాబట్టి దిగొద్దు. ఇండికేటర్ వేసి కుడి పక్కకి తీయండి. రోడ్డు ఇరుగ్గా ఉంటే హజార్డ్ లైట్లు వేసుకుని, నెమ్మదిగా కాస్త ముందుకెళ్లి వెలుతురున్న చోట ఆపండి. ఇంజిన్ ఆపి, రాత్రయితే లోపలి లైటు వేసి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కూర్చోండి. లైసెన్స్, ఇన్సూరెన్స్ కాగితం అడిగాక, అవి ఎక్కడున్నాయో చెప్పి అప్పుడు చెయ్యి కదపండి. దిగమని ఆయనే అంటే మాత్రం దిగాలి. 1977 నుంచీ సుప్రీంకోర్టు పోలీసులకు ఆ అధికారం ఇచ్చింది. పక్క సీట్లో కూర్చున్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

చేతుల సంగతి ఒక్కరోజులో అలవాటవుతుంది. నోటి సంగతే కష్టం.

మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "డు యూ నో వై ఐ పుల్డ్ యూ ఓవర్?" మనవాళ్లు కంగారులో "సారీ సర్, ఎయిటీలో వెళ్తున్నాను సర్" అనేస్తారు. మన దగ్గర తప్పు ఒప్పుకుంటే సారు కరుగుతాడు. ఇక్కడ ఆ మాట ఆయన చొక్కా మీదున్న కెమెరాలో రికార్డవుతుంది, రేపు కోర్టులో అదే సాక్ష్యం. "నో, ఆఫీసర్" అంటే చాలు. అబద్ధం మాత్రం ఆడకండి. చెప్పకపోవడానికి మీకు హక్కుంది, అబద్ధం చెప్పడానికి లేదు.

రెండోది ఇంకా చిక్కు ప్రశ్న. "డు యూ మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ లుక్ ఇన్‌సైడ్?" వద్దు అనే ఉద్దేశంతో మనవాడు "నో, నో సర్" అంటాడు. ఇంగ్లిష్ లెక్కలో దానర్థం "నాకేం అభ్యంతరం లేదు, చూసుకోండి" అని! పైగా మన తల ఊపు ఒకటి. అవునో కాదో మన ఇంట్లోవాళ్లకే తెలియదు, ఇక పోలీసుకేం తెలుస్తుంది? అందుకని ఎస్, నో రెండూ మానేసి ఈ వాక్యం కంఠస్థం చేయండి: "ఆఫీసర్, ఐ డు నాట్ కన్సెంట్ టు ఎనీ సెర్చ్." గొంతు పెంచకుండా చెప్పండి. అయినా వెతికితే అడ్డుపడొద్దు. ఒప్పుకోలేదన్న మాట రికార్డులో ఉంది కదా, అది చాలు. ఈ రక్షణ పౌరులకే కాదు, వీసా మీద వచ్చినవాళ్లకీ ఉంది. ఫోన్ చూడాలంటే వారంట్ ఉండాలని 2014లో, టికెట్ (మన చలానా లాంటిది) పని అయిపోయాక సరైన కారణం లేకుండా పోలీసు కుక్క కోసం నిలబెట్టకూడదని 2015లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దగ్గర లెక్క వేరు, అక్కడ ఈ మాటలు వాడకండి.

టికెట్ మీద సంతకం పెట్టమంటే పెట్టండి. కోర్టుకు హాజరవుతాననే హామీ అది, తప్పు ఒప్పుకున్నట్టు కాదు. గడువు దాటనిస్తే అరెస్టు వారంట్ వస్తుంది. మామూలు స్పీడింగే అయితే జడ్జి అనుమతితో డిఫెన్సివ్ డ్రైవింగ్ (జాగ్రత్తగా నడపడం నేర్పే) కోర్సు చేసి టికెట్ కొట్టేయించుకోవచ్చు. ఈ అవకాశం 12 నెలలకు ఒక్కసారే, అదీ లిమిట్ కన్నా ఎక్కువైన వేగం 25 మైళ్ల లోపు ఉంటేనే. అక్కడికక్కడే ఎంతో కొంత ఇచ్చి తెగ్గొట్టుకుందామనే ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు. మన దగ్గర "మామూలు" అనేదానికి టెక్సస్‌లో 2 నుంచి 20 ఏళ్ల జైలు.

స్టూడెంట్లకు రెండు ముక్కలు విడిగా. షాపులో మనమే బిల్లు వేసుకునే సెల్ఫ్ చెకౌట్‌లో రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసి దొరికిపోయే కేసుల్లో మనవాళ్ల పిల్లలు ఉంటున్నారు. వంద డాలర్ల లోపు దొంగతనానికి ఇక్కడ పడేది జరిమానాయే, 500 డాలర్లు మించదు. దాంతో "కట్టేసి వదిలించుకుందాం" అనిపిస్తుంది. అక్కడే దెబ్బ తింటారు. కట్టడమంటే నేరం ఒప్పుకోవడం. వీసా ఫారం నింపినప్పుడల్లా అది ఎదురొస్తుంది. కట్టేముందు ఇమిగ్రేషన్ తెలిసిన లాయరుతో మాట్లాడండి. తాగి బండి నడపడం గురించి చెప్పక్కర్లేదనుకుంటాను. కానీ ఇది తెలుసుకోండి: అరెస్టయితే చాలు, తీర్పు రాకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) వీసా రద్దు చేయగలదు. అరెస్టయినవాళ్లు ఇండియన్ కాన్సులేట్‌కి తెలియజేయమని అడగొచ్చు. వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు అది. డాలస్ వాళ్లకు హ్యూస్టన్ కాన్సులేట్.

ఇక అన్యాయం జరిగిందనిపిస్తే? రంగు చూసి ఆపాడనిపిస్తే? అనిపించడం సహజమే, ఒక్కోసారి నిజం కూడా. కానీ రోడ్డు మీద వాదించి లాభం లేదు. చిన్న ట్రాఫిక్ తప్పు నిజంగా ఉంటే, మనసులో ఉద్దేశం ఏదైనా ఆపడం చెల్లుతుందని 1996లో సుప్రీంకోర్టు చెప్పేసింది. 2015 జులైలో ఇదే టెక్సస్‌లో సాండ్రా బ్లాండ్ అనే నల్లజాతి యువతిని ఇండికేటర్ వేయకుండా లేన్ మారిందని ఆపారు. మాటా మాటా పెరిగి అరెస్టు దాకా వెళ్లింది. మూడో రోజున ఆమె జైలు గదిలో చనిపోయి కనిపించింది. 2017లో ఆమె పేరుతో చట్టం వచ్చింది. టెక్సస్‌లో ఇచ్చే టికెట్ మీద, వార్నింగ్ కాగితం మీద ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు, చిరునామా ఇవ్వాలన్న నిబంధన దాని నుంచే వచ్చింది. ఆ కాగితం పారేయకండి.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి, కింద మీ సంతకం ఉండాలి. బాడీ క్యామ్ వీడియో కావాలంటే తేదీ, సుమారు సమయం, చోటు, అందులో ఉన్న ఒకరి పేరు అడుగుతారు. అందుకే ఇంటికెళ్లగానే, కోపం చల్లారకముందే, తెలుగులోనైనా సరే, అన్నీ రాసిపెట్టుకోండి. నేను ఒకసారి ఫిర్యాదు చేశాను. నా యాసను వెక్కిరించిన ఒక ఆఫీసరు మీద. చాలా వారాలకు రెండు పేరాల జవాబొచ్చింది, అతనితో మాట్లాడామని. అంతకు మించి ఏమీ జరగలేదు. మళ్లీ అలా జరిగితే మళ్లీ రాస్తాను.

కెమెరాల విలువ మనకు బాగా తెలియాలి. 2023 జనవరిలో సియాటిల్‌లో, 25 మైళ్ల స్పీడ్ లిమిట్ ఉన్న రోడ్డు మీద గంటకు 74 మైళ్ల వేగంతో పోయిన పోలీసు కారు కర్నూలు జిల్లా అమ్మాయిని ఢీకొట్టి చంపింది. ఆ తర్వాత మరో ఆఫీసరు ఫోన్‌లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు మాట్లాడాడు. అతని బాడీ క్యామ్ ఆన్‌లోనే ఉంది. ఆ రికార్డింగే లేకపోతే 2024లో అతని ఉద్యోగం పోయేది కాదు. కారు నడిపినతని మీద మాత్రం క్రిమినల్ కేసు పెట్టలేదు.

అమ్మానాన్నల్ని పిలిపించుకుంటున్నవాళ్లు ఇది తప్పక చదవండి. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన కొడుకు ఇంటి చుట్టుపక్కలే నడుస్తున్నాడు. ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నాడని ఫోన్ వెళ్లింది. పోలీసులొచ్చారు. "నో ఇంగ్లిష్, ఇండియా" అన్నాడాయన. ఒక ఆఫీసరు ఆయన్ని నేలకేసి కొట్టాడు. శరీరం పాక్షికంగా చచ్చుబడింది. రెండుసార్లు విచారణ జరిగినా జూరీ తేల్చలేకపోయింది, చివరికి జడ్జి ఆ ఆఫీసర్ని నిర్దోషి అన్నాడు. 2021లో కుటుంబానికి 17.5 లక్షల డాలర్ల పరిహారం కుదిరింది.

మా నాన్న వచ్చినప్పుడు ఒక కార్డు రాసిచ్చాను: పేరు, మా ఇంటి అడ్రస్, నా నంబరు, "ఐ స్పీక్ తెలుగు, ప్లీజ్ కాల్ మై సన్" అని. చేతులు జేబుల్లో పెట్టుకుని నడవొద్దని, ఎవరైనా ఆపితే కదలకుండా నిలబడి అరచేతులు చూపించమని, కార్డు మెళ్లో ట్యాగులా వేసుకోమని చెప్పాను. "నేనేమన్నా తప్పిపోయే పిల్లాణ్నా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం వాకింగ్‌కి వెళ్తూ తనే తీసి మెళ్లో వేసుకున్నారు. కాకపోతే చొక్కా లోపలికి.