స్టూడెంట్ మ్యూజిక్ వీడియోకి ఐడియా ఎలా పట్టాలి, ప్లాన్ ఎలా వేయాలి?

కాలేజీ ఫెస్ట్ కోసం మ్యూజిక్ వీడియో తీసే బృందాలు చాలావరకు ఒకేచోట దెబ్బతింటున్నాయి. కెమెరా ఎవరిది, డ్రోన్ దొరుకుతుందా, ఎక్కడికి వెళ్దాం అని వారం రోజులు చర్చిస్తారు. పాటను మాత్రం కూర్చుని వినరు. తీరా షూటింగ్ రోజున అబ్బాయి నడుస్తూ ఉంటాడు, అమ్మాయి వెనక్కి తిరిగి చూస్తూ ఉంటుంది, మిగతాదంతా స్లో మోషన్. మంచి పాటలు ఇలా వృథా అవుతుంటే బాధేస్తుంది.

కావలసినవి: పాట, ఇయర్‌ఫోన్లు, నోట్‌బుక్, పెన్సిల్, ఫోన్, ట్రైపాడ్. డ్రోన్ వద్దు.

పాట. మీ కాలేజీలో పాడేవాళ్లు, కీబోర్డు వాయించేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల సొంత పాట తీసుకోండి. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో ఎక్కిస్తే, హక్కులున్న పాటలను గుర్తుపట్టే దాని కంటెంట్ ఐడీ వ్యవస్థ పట్టేస్తుంది. హక్కులున్న కంపెనీ వీడియోను ఆపేయించగలదు కూడా. సొంత పాట లేకపోతే పాత కీర్తన ఎంచుకోండి. మన చట్టం ప్రకారం సాహిత్యం మీద కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్ల వరకే. త్యాగరాజు 1847లో పోయారు కాబట్టి ఆయన కీర్తనలతో ఇబ్బంది లేదు. అన్నమయ్య విషయంలో మాత్రం జాగ్రత్త: ఇప్పుడు మనం వినే బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే, వాటి మీద కాపీరైట్ ఉండొచ్చు. బాణీ మీరే కట్టుకుని, మీవాళ్లతోనే పాడించండి. నిడివి మూడు నిమిషాలు దాటకూడదు.

వినడం. ఈ దశలో వేరే వీడియోలు ఏవీ చూడొద్దు. ముందు ఊరికే వినండి. తర్వాత నోట్‌బుక్‌లో పల్లవి, చరణాలు, మధ్యలో వచ్చే బీజీఎం ఏ నిమిషం ఏ సెకనుకు మొదలవుతున్నాయో రాసుకోండి. టెంపో, అంటే పాట వేగం కూడా చూడండి. నిమిషానికి 96 బీట్లు ఉంటే నాలుగు బీట్లకు రెండున్నర సెకన్లు, అంటే మూడు నిమిషాల్లో అలాంటివి 72. నాలుగు బీట్లకో షాట్ మార్చాలనుకుంటే 72 షాట్లు తీయాలి. ఒక్క రోజులో మీవల్ల కాదు. ఎనిమిది బీట్లకో షాట్ అనుకోండి, 36తో సరిపోతుంది.

పల్లవి. అసలు కష్టం ఇక్కడే. నిదానంగా చదవండి.

మన పాటలో పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. అవే మాటలు, అదే బాణీ. వినేవాళ్లకు అది హాయి. చూసేవాళ్లకు మాత్రం బొమ్మ కూడా అదే అయితే రెండోసారికే విసుగొస్తుంది. కాబట్టి మీరు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటే: పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ తెర మీద ఏం మారింది? మూడు పల్లవులకు మూడు వాక్యాలు రాయగలిగితే మీ దగ్గర ఐడియా ఉన్నట్టు. రాయలేకపోతే ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా లేనట్టే.

ఉదాహరణకు, హాస్టల్ కుర్రాడి పాట అనుకుందాం. పల్లవిలో 'ఇంటికొస్తా' అనే మాట ఉంది. మొదటిసారి హాస్టల్ వరండాలో ఫోన్ పట్టుకుని అమ్మకు తేలిగ్గా చెప్పేస్తాడు. రెండోసారి బ్యాగు సర్దుకుని బస్టాండు దాకా వస్తాడు. ల్యాబ్ రికార్డులు పూర్తి చేయలేదని గుర్తొచ్చి వెనక్కి తిరుగుతాడు, బస్సు వెళ్లిపోతుంది. మూడోసారి హాస్టల్ గేటు దగ్గర అమ్మ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంటుంది. అప్పుడు కుర్రాడు పెదవి కదపకూడదు, పాట వెనక నుంచి వినిపించాలి. మాట అదే. ఒకసారి హామీ, ఒకసారి సాకు, చివరికి ఆ మాటతో పనే లేదు. దీనికి కావలసింది వరండా, బస్టాండు, గేటు, ఒక క్యారియర్.

ఈ మార్పు కంటికి కనిపించేదై ఉండాలి. 'అతని బాధ పెరిగింది' అని రాస్తే దాన్ని ఎవరూ తీయలేరు. క్యారియర్‌ను తీయగలరు. ఇంకో జాగ్రత్త: సాహిత్యంలో వాన అంటే వాన, వెన్నెల అంటే చందమామ చూపించొద్దు. చెవి ఇప్పటికే విన్నదాన్ని కన్ను మళ్లీ చెప్పనక్కర్లేదు. చరణాల్లో ఏదో ఒకటి జరగాలి, పల్లవిలో దాని ఫలితం కనిపించాలి. మాటల్లేని బీజీఎం దగ్గర ముఖ్యమైన సంఘటన పెట్టండి, అక్కడ చూపు చెదరదు.

రాశాక ఆ మూడు వాక్యాలను మీ బృందంలో లేని ఫ్రెండ్‌కు చదివి వినిపించండి. స్లో మోషన్, క్లోజప్ లాంటి మాటలు వాడకుండా చెప్పాలి. కెమెరా మాటలు తీసేస్తే కథ ఏమీ మిగలకపోతే మళ్లీ మొదటి నుంచి రాయండి. రెండు రోజులు పట్టినా పర్వాలేదు, షూటింగ్ వాయిదా వేయండి.

కొందరు పింటరెస్ట్‌లో కొరియా వీడియోల బొమ్మలు ఏరి మూడ్ బోర్డు చేస్తారు. నేను ఒప్పుకోను. ఆ వెలుతురు, ఆ వీధులు మీ చేతిలో లేవు. మెస్, జిరాక్స్ షాపు, బట్టలారేసిన హాస్టల్ డాబా, బస్ పాసుల క్యూ మీ చేతిలో ఉన్నాయి. షూటింగ్ చేయబోయే వేళకే అక్కడికి వెళ్లి మీ ఫోన్‌తో ఫొటోలు తీయండి, అదే మీ స్టోరీబోర్డు. వెళ్లి చూడకపోతే ఏమవుతుందంటే, విశాఖ బీచ్‌లో సముద్రంలోకి దిగే సూర్యుడిని ప్లాన్‌లో రాసుకుంటారు. బంగాళాఖాతం మనకు తూర్పున ఉంది. అక్కడ నీళ్ల మీద సూర్యోదయమే దొరుకుతుంది, తెల్లవారకముందే చేరుకోవాలి.

షీటు. సెకన్లు, బొమ్మ, చోటు అని మూడు గడులు గీయండి. పాట వరుసలో కాదు, చోటును బట్టి షూట్ చేయండి. లిప్ సింక్‌కు స్పీకర్ తీసుకెళ్లి ఎడిటింగ్‌లో వాడే ఫైలే మోగించండి. స్లో మోషన్‌లో పెదవులు కలవాలంటే పాటను రెట్టింపు వేగంతో పెట్టి, సెకనుకు 60 ఫ్రేముల్లో తీసి, ఎడిటింగ్‌లో 30కి తగ్గించాలి. గోల్కొండ, చార్మినార్ లాంటి చోట షూటింగ్‌కు కేంద్ర పురావస్తు శాఖ అనుమతి కావాలి. మీ క్యాంపస్‌కు ప్రిన్సిపాల్ సంతకం చాలు, దాన్ని ముందే రాయించుకుని జేబులో పెట్టుకోండి. తేదీని ఇంటర్నల్స్ టైమ్‌టేబుల్ చూశాకే వేయండి.