రక్తనాళం ముక్కలో ప్రోస్టాగ్లాండిన్ రిసెప్టర్లను పరీక్షించడం ఎలా

బైపాస్ ఆపరేషన్‌లో మిగిలిన ఛాతీ ధమని ముక్క, రోగి సమ్మతితో, చల్లటి ద్రావణంలో మీ బల్ల మీదికి వచ్చింది. అది ఇంకా బతికే ఉంది. ప్రోస్టాగ్లాండిన్లు అంటే నాళాన్ని బిగించే లేదా సడలించే, శరీర కణాలే తయారుచేసే రసాయనాలు; అవి అంటుకునే కణపు ప్రోటీన్లే రిసెప్టర్లు. చుట్టూ ఉన్న కొవ్వును మాత్రమే ఫోర్సెప్స్‌తో పట్టుకుని సన్న కత్తెరతో తీయండి. నాళం లోపలి పొరకు ఏదీ రాసుకోకూడదు. కొత్తలో నేను హుక్కు దూర్చేటప్పుడు ఆ పొరను గీరేశాను. ఆ నాళం నుంచి కోసిన నాలుగు రింగుల్లో ఒక్కటీ ఎసిటైల్‌కోలిన్‌కు సడలలేదు; లోపలి పొర బాగుంటేనే ఆ పదార్థం నాళాన్ని సడలిస్తుంది. రోగి ఇచ్చిన ముక్క వృథా అయిందన్న బాధ ఇప్పటికీ ఉంది.

మూడు మిల్లీమీటర్ల రింగులు కోసి, రెండు హుక్కుల మధ్య తగిలించి, 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణంలో (కణాలను బతికించే లవణాల నీళ్లలో) వేలాడదీయండి. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వస్తూ ఉండాలి. గంటన్నర కుదురుకోనివ్వండి, పావుగంటకోసారి ద్రావణం మార్చండి.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ ముక్క తనంతట తానే ప్రోస్టాగ్లాండిన్లు తయారుచేసుకుంటూ ఉంటుంది. వాటిని ఆపకపోతే మీరు వేసిన మందు ఏం చేసిందో, నాళం తనకు తాను ఏం చేసుకుందో విడదీయలేరు. అందుకే మిగతా మందులకు అరగంట ముందు, ఆ తయారీని ఆపే ఇండోమెథసిన్ వేయండి. ఇండోమెథసిన్ లేకుండా, దాన్ని కరిగించడానికి వాడే ద్రవం మాత్రమే వేసిన మరో రింగు పోలికకు పక్కనే ఉండాలి.

తర్వాత టీపీకి, అంటే ప్రోస్టాగ్లాండిన్ల చుట్టమైన థ్రాంబాక్సేన్ అంటుకునే రిసెప్టర్‌కు, థ్రాంబాక్సేన్‌ను అనుకరించే యు-46619 వాడండి. అసలు థ్రాంబాక్సేన్ అర నిమిషంలో సగం మాయమవుతుంది, దాంతో పని జరగదు. టీపీ కండరంలో కాల్షియం పెంచి నాళాన్ని బిగిస్తుంది. బిగిసిన రింగు మీద ఐలోప్రోస్ట్‌ను (ప్రోస్టాసైక్లిన్ అనే ప్రోస్టాగ్లాండిన్‌ను అనుకరించే మందు) తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టి, రింగు బిగుతును చూపే గీత నిలకడగా వచ్చాకే పెంచండి. అది ప్రోస్టాసైక్లిన్ రిసెప్టరైన ఐపీ ద్వారా, కణం లోపల సందేశం మోసే సైక్లిక్ ఏఎంపీని పెంచి సడలిస్తుంది. ఐలోప్రోస్ట్ నాళాన్ని బిగించే ఈపీ1 అనే మరో రిసెప్టర్‌నీ తాకుతుంది కాబట్టి, పెద్ద మోతాదులో రింగు మళ్లీ బిగిస్తే కంగారుపడకండి.

ప్రోస్టాగ్లాండిన్ ఈ2 (పీజీఈ2)తో మరింత జాగ్రత్త, దానికి నాలుగు ఈపీ రిసెప్టర్లు ఉన్నాయి. ఈపీ1, ఈపీ3 బిగిస్తాయి; ఈపీ2, ఈపీ4 సడలిస్తాయి. ఒకే పదార్థం ఒక నాళంలో ఒకలా, మరో నాళంలో ఇంకోలా పనిచేయడానికి కారణం ఇదే.

ఒకసారి గట్టి మోతాదు చూసిన రింగును మళ్లీ వాడకండి. రిసెప్టర్లు ఫాస్ఫేట్ తగిలించుకుని కణం లోపలికి వెళ్లిపోతాయి, స్పందన తగ్గుతుంది. ఆ తగ్గుదలను బ్లాకర్ (రిసెప్టర్‌ను అడ్డుకునే మందు) ప్రభావమని పొరపాటున రాసేస్తాం! ప్రతి బ్లాకర్‌కూ కొత్త రింగు, పక్కన బ్లాకర్ లేని జంట రింగు పెట్టండి.

ఆస్పిరిన్ కూడా ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుంది కాబట్టి, రోగి ఆపరేషన్‌కు ముందు దాన్ని వాడారా అన్నది నోట్‌బుక్‌లో రాయండి. ఆఖర్న, ఈ రిసెప్టర్లతో పనిలేకుండా కండరాన్ని నేరుగా సడలించే పాపావెరిన్ వేయండి. దానికీ సడలని రింగును లెక్కలోంచి తీసేయండి.