పోలీసు శాఖలో ఎవరి తలుపు ఎప్పుడు తట్టాలి? విజయనగరం వాసులకు ఒక దారి

మా వీధిలో బండి పోయినా, బంగారం పోయినా, అన్నదమ్ములు కొట్టుకున్నా ముందు వినిపించే మాట ఒకటే: "స్టేషన్‌కు వెళ్తే పని కాదు, తిన్నగా ఎస్పీ గారి దగ్గరికే పోదాం." చుట్టుపక్కల వాళ్లకు అర్జీలు రాసిపెట్టడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. అలా తిన్నగా పై మెట్టెక్కిన కాగితాలు ఏ దారిన పోతాయో చూస్తూనే ఉన్నాను. ఎస్పీ కార్యాలయంలో ముద్ర పడుతుంది. అక్కడి నుంచి డీఎస్పీకి, ఆయన నుంచి సీఐకి, చివరికి ఏ స్టేషన్ గడప తొక్కకూడదని అనుకున్నామో ఆ స్టేషన్‌లోని బల్ల మీదికే వస్తుంది. ఈలోగా పది రోజులు పోతాయి. పైగా "మాకు చెప్పకుండా పైకి వెళ్లారా" అనే చూపు ఒకటి అదనం.

ఎవరు ఏ మెట్టు మీద కూర్చుంటారో, ఎవరి చేతిలో ఏముందో తెలిస్తే ఆ పది రోజులు మిగులుతాయి. ఒక్క మినహాయింపు: ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇదంతా చదవకండి, 112కు ఫోన్ చేయండి. ఆన్‌లైన్ మోసంలో బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పోతే ముందు 1930కి, ఆ తర్వాతే స్టేషన్‌కు. డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోయేలోగా ఆపించడమే అక్కడ ముఖ్యం.

1. మీరున్నది కమిషనర్ నగరం కాదని గుర్తుపెట్టుకోండి

విశాఖపట్నంలో, విజయవాడలో పోలీసు కమిషనర్ ఉంటారు. టీవీలో ఆ వార్తలు చూసి మన ఊళ్లోనూ "పోలీస్ కమిషనర్ గారికి" అని అర్జీ మొదలుపెట్టేవాళ్లున్నారు. విజయనగరం నగరపాలక సంస్థే అయినా పోలీసు లెక్కలో జిల్లాయే, దాని పెద్ద ఎస్పీ. శ్రీకాకుళమూ అంతే. మన దగ్గర కమిషనర్ అంటే చెత్త బండ్లు, ఇంటి పన్ను చూసే అధికారి.

తేడా పేరులోనే ఉందనుకుంటే పొరపాటు. కమిషనర్‌కు పోలీసు అధికారంతో పాటు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అధికారాలు కూడా ఉంటాయి. జిల్లాలో ఆ అధికారాలు కలెక్టర్, ఆర్డీవో, తహసీల్దార్ల చేతుల్లో ఉంటాయి. నలుగురు గుమిగూడవద్దని నిషేధాజ్ఞలు ఇవ్వాలన్నా, పక్కింటివాడు రోజూ గొడవకు వస్తున్నాడని బైండోవర్ (ఇక గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడం) చేయించాలన్నా పోలీసులు నివేదిక పంపుతారు, ఉత్తర్వు మాత్రం రెవెన్యూ వారిది. "సీఐ గారు బైండోవర్ చేయలేదు" అని అలిగేవాళ్లు ఆ ఫైలు తహసీల్దార్ కార్యాలయంలో ఉందేమో ఒకసారి చూసుకోవాలి.

జిల్లా హద్దు కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం వాళ్లు అంతకుముందు శ్రీకాకుళం ఎస్పీ పరిధిలో ఉండేవారు, ఇప్పుడు విజయనగరం కిందికి వచ్చారు. పార్వతీపురం, పాలకొండ వాళ్లకు పార్వతీపురం మన్యం జిల్లా ఎస్పీ వేరే ఉన్నారు. పాత అలవాటు కొద్దీ బస్సెక్కి వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లను నేనెరుగుదును.

2. మెట్లు లెక్కపెట్టండి

కింది నుంచి చెప్తాను. కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై, ఎస్సై, ఆపైన ఇన్‌స్పెక్టర్, అంటే మన నోట్లో సీఐ. కొన్ని స్టేషన్లు కలిస్తే సర్కిల్, సర్కిళ్లు కలిస్తే సబ్ డివిజన్. సబ్ డివిజన్‌కు డీఎస్పీ. మన జిల్లాలో విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి సబ్ డివిజన్లు. శ్రీకాకుళంలో శ్రీకాకుళం, టెక్కలి, కాశీబుగ్గ. ఆపైన అదనపు ఎస్పీ, ఎస్పీ. జిల్లా దాటితే కొన్ని జిల్లాలను కలిపి చూసే విశాఖపట్నం రేంజి డీఐజీ, అందరికీ పైన మంగళగిరిలో డీజీపీ.

ఇక్కడ జనం తికమకపడేది "ఏఎస్పీ" దగ్గర. ఈ మూడు అక్షరాలకు రెండు అర్థాలున్నాయి. అదనపు ఎస్పీ అయితే ఎస్పీకి తర్వాతి స్థానం. అసిస్టెంట్ ఎస్పీ అయితే కొత్తగా వచ్చిన ఐపీఎస్ అధికారి, డీఎస్పీ కుర్చీలోనే కూర్చుని సబ్ డివిజన్ చూస్తారు. అర్జీ రాసే ముందు ఎవరో కనుక్కోండి.

భుజం చూసి కూడా పోల్చుకోవచ్చు. ఒక నక్షత్రం ఏఎస్సై, రెండు ఎస్సై, మూడు సీఐ. ఈ ముగ్గురికీ నక్షత్రాల కింద ఎరుపు, నీలం పట్టీ ఉంటుంది. మూడు నక్షత్రాలున్నా పట్టీ లేకపోతే డీఎస్పీ. నాలుగు సింహాల చిహ్నం ఒక్కటే ఉంటే అదనపు ఎస్పీ, దానికి నక్షత్రం తోడైతే ఎస్పీ. పట్టీని గమనించక సీఐని డీఎస్పీ అనుకుని గంటసేపు కథంతా చెప్పుకున్న పెద్దాయన మా వీధిలో ఉన్నారు. సీఐ గారు మాత్రం ఓపిగ్గా విన్నారట.

3. ఖాకీ అంతా ఒకటి కాదు

ఇది తెలియాలంటే దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర నిలబడాలి. ఎటు చూసినా ఖాకీయే. కానీ అందులో కొందరే మన ఊరి స్టేషన్ల వాళ్లు. బందోబస్తుకు వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లుంటారు, రిజర్వు ఇన్‌స్పెక్టర్ కింద పనిచేసే ఆర్మ్‌డ్ రిజర్వు వాళ్లుంటారు, హోంగార్డులుంటారు. వీళ్లు కాక రాష్ట్రానికి ప్రత్యేక పోలీసు బెటాలియన్లు ఉన్నాయి. వాటిలో అయిదోది మన చింతలవలసలోనే ఉంది. ఆ జనంలో పర్సు పోతే ఎదురుగా ఉన్న ఆయనకు చెప్పండి, తప్పులేదు. కానీ ఆయన కేసు కట్టలేరు. కేసు నమోదు, దర్యాప్తు సివిల్ పోలీసుల పని. ఆ వీధి ఏ స్టేషన్ కిందిదో అక్కడికి నడవాల్సిందే.

సివిల్‌లోనూ శాఖలున్నాయి. ట్రాఫిక్ వాళ్లు, మహిళా పోలీసు స్టేషన్, పెద్ద దొంగతనాల వెంట పడే సీసీఎస్, పాస్‌పోర్టు విచారణకు వచ్చే స్పెషల్ బ్రాంచి. మఫ్టీలో ఇంటికి వచ్చి మీ చిరునామా అడిగే స్పెషల్ బ్రాంచి ఆయనతో పాత దొంగతనం గోడు చెప్పుకుని లాభం లేదు.

రైల్వే స్టేషన్‌లో మళ్లీ రెండు రకాలు. రైల్లో ఫోను కొట్టేస్తే జీఆర్పీ, అంటే రాష్ట్ర రైల్వే పోలీసు. రైల్వే వారి సొత్తు, ప్రయాణికుల రక్షణ చూసేది కేంద్రం కింది ఆర్పీఎఫ్. స్టేషన్ గేటు దాటి ఆటో స్టాండ్‌లో పోతే మళ్లీ ఊరి స్టేషన్.

4. స్టేషన్‌లోకి అడుగుపెట్టాక

మొత్తం శాఖలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన మనిషి స్టేషన్ హౌస్ ఆఫీసర్. ఎస్‌హెచ్‌ఓ అంటారు. విజయనగరం వన్ టౌన్, టూ టౌన్ లాంటి పట్టణ స్టేషన్లలో మామూలుగా సీఐ ఆ కుర్చీలో ఉంటారు, ఆయన కింద ఒకరికి మించి ఎస్సైలు. మండల స్టేషన్లలో ఎస్సైయే ఎస్‌హెచ్‌ఓ, సీఐ పైనుంచి చూసుకుంటారు. ఎఫ్‌ఐఆర్ కట్టే అధికారం చట్టం ఇచ్చింది ఈ కుర్చీకి. ఆయన ఊళ్లో లేకపోతే స్టేషన్‌లో ఉన్నవారిలో తర్వాతి అధికారి ఇన్‌చార్జి అవుతారు. అందుకని "సారు లేరు, రేపు రండి" అంటే "ఇప్పుడు ఇన్‌చార్జి ఎవరండీ?" అని మెల్లగా అడగండి. గొంతు పెంచనక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్న చాలాసార్లు పని చేస్తుంది.

ఆ తర్వాతి ముఖ్యుడు రైటర్. నక్షత్రాలుండవు, పేపర్లో ఫొటో రాదు. కానీ స్టేషన్ రికార్డు అంతా ఆయన చేతి మీదుగానే నడుస్తుంది. ఏ కాగితం ఏ కట్టలో ఉందో, మీ కేసు కోర్టుకు వెళ్లిందో లేదో ఎస్సై కంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఆయనను విసిగించి బాగుపడినవాళ్లను నేను చూడలేదు.

ఫిర్యాదును ఎస్‌హెచ్‌ఓ పేరునే రాయండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చూశారు: ఇంతే. ముప్పై ఏళ్ల కుటుంబ చరిత్ర వద్దు. "గంటస్తంభం దగ్గర" అని వదిలేయకుండా ఏ దుకాణం ముందో రాయండి, స్టేషన్ హద్దు తేలేది అక్కడే. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.

2024 జులై 1 నుంచి పాత సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. అందులో 173వ సెక్షన్ మీకు కావలసింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని అది చెప్తుంది. జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నది దీన్నే. భోగాపురం దగ్గర దెబ్బలు తిని విజయనగరం ఆసుపత్రిలో ఉన్నవాడిని "భోగాపురం పో" అనడానికి లేదు. ఫోను ద్వారానో కంప్యూటర్ ద్వారానో కూడా ఫిర్యాదు పంపవచ్చు, కాకపోతే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి.

ప్రతి గొడవకూ ఎఫ్‌ఐఆర్ పడదు. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమైతేనే, అంటే కాగ్నిజబుల్ అయితేనే, కట్టి తీరాలి. లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో ఆ మాట స్పష్టంగా చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల లోపు ప్రాథమిక విచారణ జరపవచ్చు. "విచారిస్తున్నాం" అని వాళ్లు అంటే, "డీఎస్పీ గారి అనుమతి ఏ తేదీన వచ్చిందండీ?" అని మీరు అడగవచ్చు. చిన్న తిట్లు, బెదిరింపుల్లాంటివి స్టేషన్‌లో నమోదు చేసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరికి పంపుతారు. ఇక పొలం గట్టు తగాదా సివిల్ కోర్టుది. గట్టు మీద కర్ర లేచి తల పగిలితేనే పోలీసులది. స్టేషన్‌లో పంచాయితీ పెట్టించి గట్టు తేల్చుకుందామనుకునేవాళ్లకు నేను అర్జీ రాయను.

5. కేసు కట్టాక ఎవరిని అడగాలి?

ఎఫ్‌ఐఆర్ కట్టినవారే దర్యాప్తు చేస్తారని లేదు. మండల స్టేషన్‌లో ఎస్సై కట్టిన హత్య కేసును సాధారణంగా సీఐ దర్యాప్తు చేస్తారు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద కట్టిన కేసును డీఎస్పీకి తక్కువ కాని అధికారి చూడాలి. అందుకే ఆ కేసుల్లో స్టేషన్ చుట్టూ తిరగడం వృథా, డీఎస్పీ కార్యాలయానికే వెళ్లాలి. "నా కేసుకు దర్యాప్తు అధికారి ఎవరు?" అని మొదటి రోజే అడిగి, పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు ఒకే కాగితం మీద రాసిపెట్టుకోండి. తొంభై రోజుల లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు తెలియజేయాలని కొత్త చట్టం చెప్తుంది. సాక్షిగా పిలిస్తే స్త్రీలను, పదిహేనేళ్ల లోపు పిల్లలను, అరవై దాటినవారిని స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ఇది చాలామంది అమ్మలకు తెలియదు. భయపడుతూ వెళ్లి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుంటారు.

6. స్టేషన్‌లో పని జరగకపోతేనే పైకి

మండల స్టేషన్ అయితే ముందు సీఐ, ఆ తర్వాత డీఎస్పీ. పట్టణ స్టేషన్ అయితే సీఐ అక్కడే ఉంటారు కాబట్టి తర్వాతి మెట్టు డీఎస్పీయే. ఈ పై అధికారులందరికీ తమ పరిధిలో ఎస్‌హెచ్‌ఓకు ఉన్న అధికారాలు ఉంటాయి, కనుక వాళ్ల మాట ఉత్త సిఫారసు కాదు. వెళ్లేటప్పుడు సంతకం పడిన రెండో ప్రతి చేతిలో ఉండాలి. అది లేకపోతే "ముందు స్టేషన్‌లో ఇచ్చారా?" అన్న మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబు ఉండదు.

ఎఫ్‌ఐఆర్ కట్టనన్నారా, అప్పుడు ఎస్పీ. సోమవారం ప్రజా ఫిర్యాదుల రోజున వెళ్లి అర్జీ ఇవ్వవచ్చు, రసీదు అడిగి తీసుకోండి. కానీ అదొక్కటే చేసి ఊరుకోవద్దు. 173వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం ఫిర్యాదు సారాంశాన్ని రాతపూర్వకంగా తపాలాలో ఎస్పీకి పంపాలి. నేరం జరిగిందని ఆయనకు నమ్మకం కుదిరితే స్వయంగా దర్యాప్తు చేయాలి, లేదా కింది అధికారితో చేయించాలి. ఇంత చిన్న పనిని జనం పట్టించుకోరు. ఎస్పీ గారిని కళ్లారా చూసి చెప్పుకుంటేనే తృప్తి. చూడండి, చెప్పుకోండి. ఆ సాయంత్రమే తపాలా కార్యాలయానికి కూడా వెళ్లండి.

ఎస్పీ దగ్గరా కదలకపోతే డీఐజీకి, డీజీపీకి అర్జీలు పెట్టుకుంటూ పోవచ్చు కానీ, అవి దిగొచ్చే దారి మీకు ఇప్పటికే తెలుసు. నా మాట వింటే అక్కడ మెట్లెక్కడం ఆపి పక్కకు తిరగండి, కోర్టు వైపు. జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ 175వ సెక్షన్ కింద దర్యాప్తు చేయమని పోలీసులను ఆదేశించగలరు. దరఖాస్తుకు అఫిడవిట్ జత చేయాలి, ఎస్పీకి పంపినట్టు రుజువు చూపాలి. ఆ రుజువు స్పీడ్ పోస్టు రసీదు. పల్చటి కాగితం మీద వచ్చే ఆ అక్షరాలు చొక్కా జేబులో చెమటకే వెలిసిపోతాయి, తీసుకున్న రోజే జిరాక్స్ తీయించి పెట్టుకోండి.