ఎండాకాలం హాకీ క్యాంపు: మొదటి రెండు వారాలు జాగ్రత్త

పరీక్షలు అయిపోగానే విజయవాడ, గుంటూరుల్లో సమ్మర్ క్యాంపులు మొదలవుతాయి. వారాల తరబడి పుస్తకాల ముందు కూర్చున్న పిల్లల్ని మొదటి రోజే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు తిప్పే అలవాటు ఇంకా పోలేదు. దమ్ము తగ్గిపోయి ఉన్న ఒంటికి అది మేలు చేయదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అయితే ప్రమాదమే.

ఎండ ఒంటికి అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా పట్టి ఒళ్లు చల్లబడుతుంది, అదే పరుగుకి గుండె దడ తగ్గుతుంది. అందుకే మొదటి నాలుగు రోజులు ఉదయం ఐదున్నరకే మొదలుపెట్టి 40 నిమిషాల్లో ముగించండి. గోల్‌కీపర్‌కి ఆ నాలుగు రోజులు ప్యాడ్లు వద్దు, షాట్లూ వద్దు, ఫుట్‌వర్క్ చాలు. తర్వాత పూర్తి కిట్‌తో పావుగంట, మధ్యలో హెల్మెట్ తీయించాలి.

మ్యాచ్ అంటే 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఆటంతా చిన్న చిన్న పరుగులు, ఆగడం, తిరగడం, వంగడమే. రౌండ్లు ఎన్ని కొట్టినా దీనికి సరిపోవు. రెండో వారం నుంచి బ్యాక్‌లైన్ (గోల్ ఉండే వైపు గీత) దగ్గర మొదలై 23 మీటర్ల గీత దాకా పరుగు, నడుస్తూ వెనక్కి. ఆరు పరుగులు ఒక సెట్, మూడు నిమిషాల విశ్రాంతి, మళ్లీ ఒక సెట్. ఆఖరి పరుగు బాగా నెమ్మదిస్తే ఆ రోజుకి అంతే. తిట్టి పరిగెత్తిస్తే తొడ వెనక కండరం పట్టేస్తుంది.

అలసిన ప్లేయర్‌ని ట్యాక్లింగ్‌లో, అంటే ఎదుటివాడి దగ్గర బంతి లాక్కునేటప్పుడు గమనించండి. మోకాళ్లు వంచడం మానేసి నడుమొక్కటే వంచుతాడు. నడుము నొప్పికి అదొక ముఖ్య కారణం, స్టిక్ కూడా ఆలస్యంగా అందుతుంది. హాఫ్ స్క్వాట్లు (సగం దాకా గుంజీలు) పది చొప్పున మూడుసార్లు, ప్లాంక్ (ముంజేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం) 30 సెకన్ల చొప్పున మూడుసార్లు చేయించండి. తొడ వెనక కండరానికి వారంలో రెండు రోజులు ఇంకొకటి: మోకాళ్ల మీద నిలబడితే తోటివాడు మడమలు గట్టిగా పట్టుకోవాలి, నడుము వంగకుండా మెల్లగా ముందుకు వాలాలి. మొదట్లో ఐదేసి చొప్పున రెండుసార్లు చాలు. మర్నాడు నొప్పులుంటాయి కాబట్టి మ్యాచ్ ముందురోజు వద్దు.

కృష్ణ ఒడ్డున ఉక్కపోతకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. గుంటూరు వైపు పొడిగాలి వీచే రోజుల్లో చెమట వెంటనే ఆరిపోయి, ఎంత పోయిందో తెలియదు. ఆటకు ముందు, తర్వాత బరువు చూడటమే నమ్మకమైన లెక్క. 50 కిలోల పిల్లవాడు కిలో తగ్గాడంటే నీళ్లు చాల్లేదన్నమాట. ఆ కిలోకి ఒకటింబావు నుంచి లీటరున్నర దాకా, కొన్ని గంటల్లో, కొంచెం కొంచెంగా తాగించాలి. ఉప్పేసిన మజ్జిగ మంచిదే. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలపొద్దు.

తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడితే వడదెబ్బ కిందే లెక్క. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. నీడలోకి చేర్చి, కిట్ విప్పి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడకి, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

జ్వరమో విరేచనాలో తగ్గి వచ్చినవాళ్లకి మళ్లీ మొదటి రోజు 40 నిమిషాల దగ్గర్నుంచే.