పాత ఆర్‌ఎక్స్ 100 ట్యాంకుకు సరిపోయే టచప్ రంగును ఎంచుకోవడం

1985లో మన దేశంలో అమ్మకానికి వచ్చి, 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు పెట్రోలు ట్యాంకు మీద గీత పడితే, పేరు చూసి కొన్న రంగు అరుదుగా సరిపోతుంది. ఇన్నేళ్ల ఎండకు పాత పెయింటు వెలిసిపోయి ఉంటుంది. ముందుగా గీత పక్క భాగాన్ని రబ్బింగ్ కాంపౌండుతో (పెయింటుకు మెరుగు పెట్టే పేస్టుతో) మెత్తగా రుద్ది, మసక పొరను తొలగించాలి. ఆ తరువాత వీలైతే పెట్రోలు తీసేసిన ట్యాంకునే, లేదంటే అదే రంగున్న సైడ్ కవరును, కార్ల పెయింట్లు కలిపే దుకాణానికి తీసుకెళ్లాలి. ఫోటో చూపి రంగు కలిపించుకోవడం వృథా.

సీటు కింద దాగిన భాగం కంపెనీ నాటి రంగును చూపుతుంది గానీ, చిన్న గీతకు సరిపోల్చవలసింది ఎండ తగిలిన పైభాగంతోనే.

కలిపిన రంగును రేకు ముక్క మీద, వాడబోయే ప్రైమరు (రంగు కింద వేసే తొలి పూత) పైనే పూసి, క్లియర్ కోటు (రంగు పైన వేసే పారదర్శక పూత) కూడా వేసి, పూర్తిగా ఆరాక పగటి వెలుగులో ట్యాంకు పక్కన పెట్టి చూడాలి. తడి రంగును బట్టి నిర్ణయించరాదు. మెటాలిక్ రంగు కుంచెతో పూస్తే ఒకలా, స్ప్రే చేస్తే మరోలా కనిపిస్తుంది కనుక, ఈ పరీక్షకూ అసలు పనికీ ఒకే పద్ధతి వాడాలి. పెట్రోలు మూత చుట్టూ మాత్రం హార్డెనర్ కలిపే టూకే క్లియర్ కోటే వేయించండి. మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు పెట్రోలు ఒలికితే మెత్తబడి ఊడిపోతుంది.